రెండో ప్రపంచ యుద్ధం – విశాఖపట్నం

రెండో ప్రపంచ యుద్ధం (1939–45) తెలుగు తీరాన్ని నేరుగా తాకిన రోజు 1942 ఏప్రిల్ 6. ఆ సోమవారం జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో పేలకుండా మిగిలిన ఒక బాంబు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఊళ్ళో యుద్ధం మాటెత్తితే కథ ఆ బాంబు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. నిజానికి విశాఖను మార్చినవి బాంబులు కావు. వాటికి ముందూ వెనకా కమ్ముకున్న భయం, ఆ భయంలో సర్కారు చేసిన ఏర్పాట్లు. చాలామంది అనుకునేట్టు అవి నగరానికి పరిశ్రమలు తెచ్చిపెట్టలేదు. తెచ్చింది నౌకాదళాన్ని.

యుద్ధం ఇక్కడిదాకా ఎందుకొచ్చిందో రేవు పుట్టుకలోనే ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, ఉప్పుటేరును తవ్వి లోతు చేసి కట్టిన ఈ రేవు 1933లో తెరుచుకుంది. ముఖద్వారం దగ్గర అలల ఉధృతి తగ్గించడానికి జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను కావాలనే ముంచేశారు. ఇంత శ్రమ ముఖ్యంగా మాంగనీసు కోసం. సెంట్రల్ ప్రావిన్సెస్ గనుల ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలని రాయపూర్–విజయనగరం రైలుమార్గం వేశారు. మాంగనీసు లేనిదే ఉక్కు లేదు, ఉక్కు లేనిదే ఫిరంగి లేదు. పైగా రేవు చూస్తున్నది బర్మా వైపు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలాది కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. జనం నోట అది రంగూన్ కాదు, ‘రంగం’. ఇంటి మగవాడు రంగమెళ్ళాడంటే అప్పు తీరే దారి దొరికినట్టే.

1941లో అమెరికా, బ్రిటన్‌లు చమురు అమ్మకాన్ని బిగించడంతో జపాను ఆగ్నేయాసియా మీదికి దూకింది. చైనాకు ఆయుధాలు చేరే బర్మా దారిని మూయడం దాని లక్ష్యాల్లో ఒకటి. ఆ డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి; 1942 మార్చి 8న నగరమే పడిపోయింది. లక్షలాది భారతీయులు ఓడల మీద కొందరు, అరకాన్, అస్సాం కొండదారుల్లో కాలినడకన ఎందరో తిరుగుముఖం పట్టారు. దారిలో రాలిపోయినవారికి లెక్క లేదు. ఏప్రిల్ 5న జపాను అడ్మిరల్ నగుమో నౌకాదళం కొలంబోను కొట్టింది. మర్నాడు మరో అడ్మిరల్ ఒజావా నడిపిన దళం బంగాళాఖాతంలో సరుకు ఓడల వేటకు దిగింది. ఆ దళంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచినవే విశాఖ మీదికొచ్చిన విమానాలు. కొద్ది రోజుల్లో ఒజావా దళం ఇరవైకి పైగా ఓడలను, లక్ష టన్నులకు మించిన నౌకాసంపదను ముంచింది. దానితో పోలిస్తే విశాఖలో జరిగిన నష్టం స్వల్పం. భయం మాత్రం స్వల్పం కాదు. జపాను సేన దిగుతుందన్న పుకారుతో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును వాల్తేరు నుంచి గుంటూరుకు మార్చారు. యుద్ధం ముగిసిన తరువాతే అది సొంత గూటికి చేరింది. ర్యూజో ఆగస్టులోనే సోలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది. ఆ నౌక పోయినా యుద్ధం బాధ పోలేదు; బర్మా బియ్యం ఆగిపోయాక మద్రాసు ప్రెసిడెన్సీలో రేషను తప్పలేదు.

యుద్ధమే విశాఖకు పరిశ్రమను తెచ్చిందని వాదించేవారు షిప్‌యార్డును చూపిస్తారు. తేదీ చూస్తే వాదన నిజమే అనిపిస్తుంది: సింధియా కంపెనీ యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసింది 1941 జూన్ 21న. కానీ అది యుద్ధం కన్న బిడ్డ కాదు. ఆ కంపెనీ అధిపతి వాల్‌చంద్ హీరాచంద్ అంతకుముందు కలకత్తాలో చోటు అడిగి, షరతులు కుదరక ఇటు తిరిగాడు. బ్రిటిష్ సర్కారుకు అప్పుడు కావలసింది ఓడల మరమ్మతు. భారతీయుల చేతుల్లో ఓడల నిర్మాణం మీద దానికి ఆసక్తి లేదు. యంత్రాలు రావడం గగనమైంది, బాంబు దాడి తరువాత పనులు కుంటుపడ్డాయి. ఇక్కడ తయారైన తొలి ఓడ ‘జల ఉష’ను నెహ్రూ జలప్రవేశం చేయించింది 1948 మార్చి 14న. అంటే శంకుస్థాపనకూ ఓడకూ మధ్య దాదాపు ఏడేళ్ళు. ఇందులో యుద్ధానికి పద్దు రాయాలంటే ఖర్చు వైపే రాయాలి.

జమ వైపు రాయవలసింది నౌకాదళం. యుద్ధకాలంలో ఇక్కడ రాయల్ ఇండియన్ నేవీ స్థావరం వెలసింది, దాని పేరు సర్కార్స్. స్వాతంత్ర్యం తరువాత అదే ఐఎన్ఎస్ సర్కార్స్. తీరంలో ఫిరంగులు మోహరించిన చోటు నేటికీ ‘కోస్టల్ బ్యాటరీ’గానే చలామణీ అవుతోంది, ఆటో ఎక్కి ఆ పేరు చెబితే చాలు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో రాజుకున్న నావికుల తిరుగుబాటు ఇక్కడి నావికులకూ అంటుకుంది. ఇంత మంచి రేవుకు యుద్ధం రాకున్నా నౌకాదళం వచ్చేదేగా అని ఎవరైనా అడగవచ్చు. బహుశా వచ్చేదే. కానీ కొండ, ఉప్పుటేరు తరతరాలుగా అక్కడే ఉన్నా అంతకుముందు వాటిని చూసి ముచ్చటపడినవాళ్ళు వర్తకులే. తూర్పు నుంచి కూడా శత్రువు రాగలడని 1942 చూపించాకే ఈ తీరానికి కాపలా కావాలన్న ఆలోచన బలపడింది. తూర్పు నౌకాదళ కమాండ్ 1968లో ఏర్పడింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు ముంగిటే. బ్రిటిష్ వైమానిక దళం వాడిన ఎయిర్‌ఫీల్డు నేటి ఐఎన్ఎస్ డేగా; నగరానికొచ్చే ప్రయాణికుల విమానాలు దశాబ్దాల పాటు నౌకాదళం రన్‌వే మీదే దిగాయి.

1941లో 70 వేలున్న పట్టణ జనాభా 1951కి లక్ష దాటింది. పట్టణం పెరిగింది గానీ రంగం దారి మళ్ళీ మునుపటిలా తెరుచుకోలేదు. 1960ల్లో బర్మాలో నె విన్ సైనిక పాలన తరిమిన తెలుగువారు మరో విడత తిరిగివచ్చారు. కంచరపాలెం పక్కన వారు స్థిరపడిన చోటు బర్మా క్యాంపు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం ఆ పట్టాల మీద విశాఖకు దిగి, ఓడలెక్కి, జపాను ఉక్కు కొలుములకు వెళ్ళింది.