శామీరుపేట జింకల వనము

శామీరుపేట చెరువు చెంతనున్న జవహర్ జింకల వనమును దర్శించినపుడు, కృష్ణజింకయు పొడల దుప్పియు ఒకే జాతి యను భ్రమ మా బోటి నగరవాసులకు కలుగుట సహజము. వాడుకలో రెండును జింకలే. కాని మగ కృష్ణజింక మెలికొమ్ములు ఎన్నడును ఊడవు; మగ దుప్పి కొమ్ములు రాలి మరల మొలచును. మొదటిది పచ్చిక బయళ్ళది, రెండవది చెట్ల నీడలది.

పూర్వము దక్కను ప్రభువులు శివంగులను మచ్చిక చేసి కృష్ణజింకలను వేటాడించిరి. వేటాడిన శివంగియే మన దేశమున అంతరించినదని 1952లో ప్రకటింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వెలువడెను. 1975లో హైదరాబాదునకు ఆగ్నేయమున, నాటి నిజాము వేటభూమి, కృష్ణజింకల రక్షణకై మహావీర్ హరిణ వనస్థలిగా మారెను.

2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఇచ్చట రాష్ట్రజంతు గౌరవము కృష్ణజింకనుండి పొడల దుప్పికి సంక్రమించినది. ఆంధ్రప్రదేశమున అది కృష్ణజింకదే. గౌరవము మారినను దాని అవసరము మారలేదు. మేడ్చలు, శామీరుపేట బయళ్ళు ఇండ్ల స్థలములగుచున్నవి. కంచెలో మేత దొరకునే కాని పరుగుదీయు బయలు దొరకదు. వనమునకు పిల్లలను కొనిపోవు తల్లిదండ్రులు కొమ్ముల భేదముతోపాటు ఈ సంగతియు వారికి చెప్పవలెనని మా మనవి.