స్నాతకోత్తర విద్యలో హాజరు

పి.జి., పరిశోధన విద్యార్థులు చదువుకాలంలో ఎన్ని రోజులు, ఎక్కడ ఉండాలో, తరగతులకు ఎంతమేరకు రావాలో చెప్పేవి హాజరు నిబంధనలు. మన దేశంలో వీటి మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది 75 శాతం. విశ్వవిద్యాలయాల్లో హాజరు లెక్క మాత్రం అంతకంటే చాలా పాతది. అది మొదట్లో గురువులకు వర్తించింది, తర్వాత నివాసంతో, పరీక్షతో ముడిపడింది. మన కాలంలో స్కాలర్‌షిప్పులకూ వీసాలకూ అదే ఆధారమైంది. ఈ మలుపుల్లో చాలావాటికి కారణం చదువు కంటే పాలనా అవసరాలే.

మధ్యయుగంలో ఇటలీలోని బొలోనాలో పెత్తనం విద్యార్థి సంఘాలది. జీతమిచ్చేది వారే కాబట్టి అధ్యాపకుల హాజరు కూడా వారే చూసుకునేవారు. అనుమతి లేకుండా ఒక్కరోజు పాఠం మానినా అధ్యాపకుడు జరిమానా కట్టాలి. ఊరు దాటి వెళ్లాలంటే తిరిగి వస్తానన్న హామీగా కొంత సొమ్ము జమ చేయాలి. పాఠానికి కనీసం ఐదుగురు విద్యార్థులు రాకపోతే ఆ రోజు ఆయన గైరుహాజరైనట్టే లెక్క. పారిస్‌లో పద్ధతి వేరు. అక్కడ 1215 నాటి నిబంధనలు వేదాంతశాస్త్రం బోధించదలచినవాడు ఎనిమిదేళ్లు చదివి ఉండాలనీ, వయసు 35 ఏళ్లకు తగ్గరాదనీ చెప్పాయి. ఒక గురువు అంటూ లేనివాడిని పారిస్ విద్యార్థిగా గుర్తించనే లేదు.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లు తరగతి హాజరు కంటే నివాసానికే విలువ ఇచ్చాయి. ఫలానా టర్ములు ఊళ్లో గడిపితేనే పట్టా. ఆ ఊరికి హద్దులు కూడా గీశారు. కేంబ్రిడ్జ్‌లో గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి నుంచి డిగ్రీ విద్యార్థి మూడు మైళ్లలోపు, పి.జి. విద్యార్థి పది మైళ్లలోపు ఉండాలి. ఆక్స్‌ఫర్డ్‌లో కార్‌ఫాక్స్ కూడలి నుంచి పి.జి. విద్యార్థికి 25 మైళ్ల దాకా వెసులుబాటు ఉంది. పై చదువుకు వెళ్లినవారిని మరికాస్త దూరం పోనివ్వడం గమనించదగ్గది: వయసు, బాధ్యత పెరిగేకొద్దీ కాపలా తగ్గాలన్న ఇంగితం అందులో ఉంది.

ఈ సంప్రదాయాన్ని లండన్ విశ్వవిద్యాలయం తలకిందులు చేసింది. 1836లో ఏర్పడినప్పుడు గుర్తింపు ఉన్న కాలేజీలో చదివినట్టు ధ్రువపత్రం అడిగిన ఆ సంస్థ, 1858 చార్టరుతో ఆ షరతు ఎత్తేసింది. ఎక్కడ చదివినా, ఎలా చదివినా పరీక్ష నెగ్గితే చాలన్నది. మన దేశంలో 1857లో పుట్టిన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలకు లండనే నమూనా. అవి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేవి, బోధన అనుబంధ కాలేజీల పని. విశ్వవిద్యాలయాలు స్వయంగా బోధించేందుకు దారి తెరిచింది కర్జన్ కాలంనాటి 1904 చట్టం. అశుతోష్ ముఖర్జీ చొరవతో 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆర్ట్స్‌కూ సైన్సుకూ పి.జి. కౌన్సిళ్లు ఏర్పరచి, ఎం.ఎ., ఎం.ఎస్సీ. బోధనను తన చేతిలోకి తీసుకుంది. తెలుగునాట 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మరుసటి ఏడే సొంత తరగతులు ప్రారంభించింది. బోధన విశ్వవిద్యాలయానిది కావడంతో హాజరు పట్టీ కూడా దాని చేతికే వచ్చింది.

ఈ పట్టీకి చిక్కనివారూ ఉండేవారు. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా ఎం.ఎ. కట్టిన బడిపంతుళ్లు, గుమాస్తాలు, పెళ్లయ్యాక చదువు కొనసాగించిన స్త్రీలు ఎందరో. వారి కోసమే ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సుల విభాగం పెట్టింది. 1982లో హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. రోజూ తరగతికి రాకుండా ఎం.ఎ. చదవడాన్ని తక్కువగా చూసే అలవాటు మన సమాజంలో పాతుకుపోయింది. అది అన్యాయం. ఆ దారే లేకుంటే ఎన్నో ఇళ్లలో మొదటి పట్టా వచ్చేది కాదు.

రెగ్యులర్ కోర్సుల్లో 75 శాతం నియమం ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఎం.టెక్. తరగతిని తీసుకోవచ్చు. హైదరాబాద్ జె.ఎన్.టి.యు. నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. సెమిస్టరులో 400 పీరియడ్లు జరిగాయనుకుంటే 300కు వచ్చినవారు నేరుగా పరీక్ష రాయవచ్చు. 260కీ 300కీ మధ్య ఉన్నవారు అనారోగ్యం వంటి కారణం చూపాలి. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చి, హెచ్.ఓ.డి. సంతకం చేయించుకుని, కండోనేషన్ ఫీజు కట్టాలి. 260కి తగ్గితే డిటెయిన్. ఆ సెమిస్టరు పరీక్షలు రాయడానికి వీల్లేదు, మళ్లీ ఆ సెమిస్టరు వచ్చేదాకా ఆగాలి. సెమిస్టరు చివర నోటీసు బోర్డుకు అంటించే డిటెన్షన్ జాబితా ముందు పేర్లు వెతుక్కునేవారిలో, అద్దె కట్టడానికి రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే మొదటి పీరియడ్‌కు అందుకోలేకపోయినవారూ ఉంటారు. జ్వరానికి కాగితం దొరుకుతుంది, పేదరికానికి దొరకదు. ఈ నియమంలోని పెద్ద లోపం ఇదే.

ఆ శాతానికి డబ్బు కూడా తోడైంది. తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, స్కాలర్‌షిప్పులకు 75 శాతం హాజరు షరతు పెట్టారు. వేలిముద్రల యంత్రాలు తరగతి గుమ్మానికి వచ్చాయి. విద్యార్థులు లేకున్నా ఉన్నట్టు చూపి ప్రభుత్వ సొమ్ము తీసుకునే కాలేజీలను పట్టుకోవడానికి ఈ ఏర్పాటు అవసరమే. దాని భారం మాత్రం ఎక్కువగా విద్యార్థి మీద పడింది.

పరిశోధన విద్యార్థుల సంగతి వేరు. 1810లో బెర్లిన్‌లో హంబోల్ట్ స్థాపించిన విశ్వవిద్యాలయం నుంచి వ్యాపించిన పద్ధతిలో స్కాలర్ పని గ్రంథాలయంలో, ప్రయోగశాలలో, సెమినార్ గదిలో జరుగుతుంది. చరిత్ర విద్యార్థి ఆర్కైవ్స్‌లో నెలలు గడుపుతాడు, భాషాశాస్త్ర విద్యార్థిని గూడేలకు వెళ్తుంది. వారి హాజరును రోజువారీ సంతకంతో కొలవడం కష్టం. యు.జి.సి. నిబంధనలు కూడా చాలావరకు కాలపరిమితి మీదే నిలబడ్డాయి. 2022 నిబంధనల ప్రకారం కోర్స్ వర్క్‌తో కలిపి పిహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన కొంత పొడిగింపు. మహిళా స్కాలర్లు మొత్తం కోర్సులో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. ఉద్యోగం చేస్తున్నవారు పైవారి అనుమతి పత్రంతో పార్ట్‌టైముగా చేరవచ్చు. దూరవిద్యలో మాత్రం పిహెచ్.డి. లేదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జె.ఆర్.ఎఫ్.) అందుకునేవారికి వేసవి సెలవులంటూ ఉండవు, గైడ్ అనుమతితో ఏడాదికి 30 రోజులే.

సంతకం వివాదం ఢిల్లీలోని జె.ఎన్.యు.లో రాజుకుంది. హాజరు పట్టీ లేకుండానే దశాబ్దాలు నడిచిన ఆ విశ్వవిద్యాలయం 2017 డిసెంబరులో 75 శాతం హాజరును తప్పనిసరి చేసింది. ఎం.ఫిల్., పిహెచ్.డి. విద్యార్థులనూ అందులో చేర్చింది. విద్యార్థులు ఆందోళనకు దిగారు, చాలామంది అధ్యాపకులు వారి పక్షాన నిలిచారు. నిబంధన అమలు చేయని కొందరు విభాగాధిపతులను 2018లో పదవుల నుంచి తప్పించారు. తరగతి గదికి తయారైన కొలతను పరిశోధనకు తొడగబోతే ఏమవుతుందో ఈ ఉదంతం చూపింది. రెండేళ్లకే కోవిడ్ వచ్చి, దేశమంతటా లాక్‌డౌన్ కాలాన్ని హాజరైనట్టే పరిగణించవచ్చని యు.జి.సి. 2020 ఏప్రిల్ చివర్లో చెప్పాల్సి వచ్చింది.

విదేశాల్లో చదివే తెలుగువారికి హాజరు ఇంకా బరువైన విషయం. బ్రిటన్‌లో 2009లో కొత్త వీసా విధానం వచ్చాక విదేశీ విద్యార్థి తరగతులకు రాకపోతే ఆ సంగతి ఇమిగ్రేషన్ అధికారులకు చెప్పే బాధ్యత విశ్వవిద్యాలయాలదే అయింది. 2012 ఆగస్టులో లండన్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థులను చేర్చుకునే లైసెన్సు కోల్పోయిన కారణాల్లో హాజరు పర్యవేక్షణ లోపం ఒకటి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థి పూర్తికాలపు కోర్సు భారం మోయాలి, ఆన్‌లైన్ తరగతుల్లో సెమిస్టరుకు ఒక్కటే ఆ లెక్కలోకి వస్తుంది.

ఆ నియమాన్ని తేలికగా తీసుకున్నందుకు మనవాళ్లు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అక్కడి పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారే. సగం మందికి పైగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ చిరునామాలో ఉంటున్నట్టు రికార్డుల్లో కనిపించింది. కొందరి చీలమండలకు రేడియో పట్టీలు తగిలించడంతో మన దేశం నిరసన తెలిపింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం మరీ ఘోరం. ఆ సంస్థను నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. చేరినవారు దాదాపు 600 మంది, వారిలో తెలుగు యువత చాలామంది. వందమందికి పైగా అరెస్టయ్యారు. అప్పులు చేసి పంపిన తల్లిదండ్రుల గోడు ఏ తీర్పులోనూ నమోదు కాలేదు. చెప్పకుండా కోర్సు మానేసినా, తరగతులు ఎగ్గొట్టినా వీసా రద్దు కావచ్చని భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం 2025 మేలో మరోమారు హెచ్చరించింది.

వృత్తి విద్యలో లెక్కలు వేరు. మెడికల్ పి.జి.కి 80 శాతం హాజరు కావాలి, రెసిడెంట్ డాక్టరుకు వార్డు డ్యూటీయే తరగతి. న్యాయవిద్యకు బార్ కౌన్సిల్ నిబంధనలు 70 శాతం అడుగుతాయి. హాజరు చాలక పరీక్షకు దూరమైన ఒక న్యాయ విద్యార్థి 2016లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కేసులో ఢిల్లీ హైకోర్టు 2025 నవంబరులో తీర్పు చెబుతూ, హాజరు తక్కువైందన్న కారణంతో న్యాయ విద్యార్థులను పరీక్ష రాయకుండా ఆపరాదన్నది. ఆ తీర్పు న్యాయవిద్యకు సంబంధించినది. ఎం.ఎ., ఎం.టెక్. వంటి కోర్సులకు ఎవరి విశ్వవిద్యాలయ నిబంధనలు వారివే.