కారు తలుపు అద్దం – మార్పిడి

కారు పక్క తలుపులో పైకీ కిందికీ జరిగే గాజు పలకను తలుపు అద్దం, వాడుకలో డోర్ గ్లాస్ అంటారు. చాలా కార్లలో ఇది టఫెన్డ్ గాజు. ముందు అద్దానికి రాయి తగిలి చిన్న గాటు పడితే రెజిన్ నింపి కాపాడుకోవచ్చు. తలుపు అద్దానికి ఆ అవకాశం లేదు. అది పగిలిందంటే పలక మొత్తం క్షణంలో గింజలుగా రాలిపోతుంది, కొత్తది వేయవలసిందే. శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మం వంటి తీర గ్రామాల్లో ఈ పనికి ఉప్పుగాలి, ఇసుక, తుపాను వానలు తోడవుతాయి. ఈ వ్యాసం సాధారణ విషయాలతో పాటు ఆ ప్రాంతపు ప్రత్యేక జాగ్రత్తలను వివరిస్తుంది.

గాజు స్వభావం

పలకను సుమారు 620 డిగ్రీల సెల్సియస్ దాటే వరకు వేడిచేసి, రెండు వైపులా గాలి ధారలతో ఒక్కసారిగా చల్లబరిస్తే టఫెన్డ్ గాజు తయారవుతుంది. పైపొర ముందుగా గట్టిపడుతుంది. లోపలి పొర ఆలస్యంగా చల్లారి కుంచించుకుంటూ పైపొరను లోపలికి లాగుతుంది. పైపొర ఇలా నిత్యం ఒత్తిడిలో ఉండడం వల్ల ఈ గాజు అదే మందం గల మామూలు గాజు కంటే సుమారు నాలుగైదు రెట్లు ఎక్కువ దెబ్బకు తట్టుకుంటుంది. ఆ పైపొరను దాటి పగులు లోపలికి దిగితే దాగి ఉన్న శక్తి అంతా ఒకేసారి విడుదలై పలక ముక్కలవుతుంది. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం 43వ నిబంధన ప్రకారం 5 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు గల ఏ చదరంలోనైనా కనీసం 40 ముక్కలు కావాలి. ముక్కలు ఎంత చిన్నవైతే గాయం అంత తక్కువ.

ఈ స్వభావం వల్లనే టఫెన్డ్ గాజును తయారైన తరువాత కోయడం, రంధ్రం వేయడం, అంచు అరగదీయడం కుదరదు. ఊళ్లో కిటికీ అద్దాలు కోసే దుకాణంలో కారు తలుపుకు కొలత ఇచ్చి పలక కోయించుకోవడం అందుకే ప్రమాదకరం. అక్కడ దొరికేది మామూలు గాజు. పగిలితే అది కత్తుల్లాంటి పొడవాటి పెచ్చులుగా చీలుతుంది.

ఇటీవలి కొన్ని ఖరీదైన కార్లలో ముందు తలుపులకు లామినేటెడ్ గాజు వస్తోంది. రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉండడం వల్ల బయటి చప్పుడు తగ్గుతుంది, దొంగకు పని కష్టమవుతుంది. అయితే కారు నీటిలో చిక్కుకుంటే అత్యవసర సుత్తితో టఫెన్డ్ గాజు పగిలినట్టు ఇది పగలదు. నాగావళి, వంశధార వరదలు తెలిసిన ప్రాంతంలో తన కారు తలుపులకు ఏ గాజు ఉందో యజమాని ముందే చూసుకోవడం మంచిది. అద్దం మూలన ఉండే ముద్రలో ఆ సంగతి ఉంటుంది.

చరిత్ర

కరిగిన గాజు బొట్టును నీటిలో వేస్తే తల గట్టిగా ఉండి, తోక విరిస్తే మొత్తం పొడిగా మారే వింత 17వ శతాబ్దపు యూరప్‌లో ప్రిన్స్ రూపర్ట్ బొట్ల పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆ సూత్రాన్ని పలకలకు తెచ్చిన ఘనతను ఎక్కువ గ్రంథాలు ఫ్రాన్స్‌కు చెందిన రోయే ద లా బాస్తీకి ఇస్తాయి. ఆయన 1874లో వేడి గాజును నూనె తొట్టిలో ముంచే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఆస్ట్రియాలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త రుడాల్ఫ్ సైడెన్ 1900లోనే పేటెంట్ తీసుకున్నాడని కొన్నిచోట్ల కనిపిస్తుంది. 1900 ఆయన పుట్టిన సంవత్సరమని, అమెరికాకు వలస వెళ్లింది 1935లో అని చెప్పే కథనమే నమ్మదగినది.

లామినేటెడ్ గాజుకు ఫ్రెంచి కళాకారుడు, రసాయన శాస్త్రవేత్త ఎదువార్ బెనెదిక్తుస్ పేరు చెబుతారు. 1903లో ప్రయోగశాలలో జారిపడిన గాజు సీసా పగిలినా చెదిరిపోకపోవడం ఆయనకు దారి చూపిందన్న కథ ప్రచారంలో ఉంది. దస్తావేజుల్లో నిలిచిన తేదీ 1909 నాటి పేటెంట్‌ది. 1959లో బ్రిటన్‌లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన ఫ్లోట్ పద్ధతి సమతలమైన గాజును చౌకగా అందుబాటులోకి తెచ్చింది.

భారతదేశంలో ఆసాహీ ఇండియా, సెయింట్ గొబైన్ సెక్యురిట్ సంస్థలు కార్ల కంపెనీలకు అద్దాలు సరఫరా చేస్తున్నాయి. పిల్కింగ్టన్ పేరుతో వాహన అద్దాలు చేసే కర్మాగారం విశాఖ ప్రాంతంలోనే ఉంది.

శ్రీకూర్మం ప్రాంత పరిస్థితి

కూర్మనాథ ఆలయంతో ప్రసిద్ధమైన శ్రీకూర్మం, శ్రీకాకుళం పట్టణానికి తూర్పున సుమారు 13–15 కి.మీ. దూరంలో, బంగాళాఖాతానికి చేరువగా ఉంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం కూడా ఇదే మండలంలోనిది. ఫాల్గుణ పౌర్ణమి వేళ జరిగే డోలోత్సవానికి, ఇతర పర్వదినాలకు ఒడిశా నుంచి కూడా భక్తుల వాహనాలు వస్తాయి. అలాంటి రద్దీలో కారు సీటు మీద సంచి కనిపించేలా వదిలి వెళ్లకపోవడం అద్దాన్ని కాపాడుకునే మొదటి మార్గం.

ఈ తీరానికి తుపానుల చరిత్ర పెద్దది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన దాటిన గులాబ్ ఇటీవలివి. గాలి ఒత్తిడి ఒక్కటే తలుపు అద్దాన్ని పగలగొట్టడం అరుదు. ఎగిరి వచ్చే రేకులు, పెంకులు, కొబ్బరి కమ్మలు, విరిగిన కొమ్మలు ఎక్కువ నష్టం చేస్తాయి. హెచ్చరిక ఉన్న రోజుల్లో కారును కొబ్బరి చెట్లకు, రేకుల షెడ్డుకు దూరంగా నిలపాలి.

ఎండలో నిలిపిన కారు అద్దం దానంతటదే పగిలిందన్న మాట వేసవిలో వినిపిస్తుంది. భవనాల్లో నికెల్ సల్ఫైడ్ రేణువుల వల్ల టఫెన్డ్ గాజు తనంతట పగలడం నిర్ధారితమైన విషయమే. కార్ల విషయంలో మాత్రం అంతకు ముందెప్పుడో అంచున పడిన గాటు, బిగింపులో ఉన్న ఒత్తిడి కారణమని చెప్పే వివరణకే బలం ఎక్కువ.

పగిలిన వెంటనే

తలుపును గట్టిగా వేయకూడదు, పవర్ విండో స్విచ్ నొక్కకూడదు. మిగిలిన ముక్కలు అద్దాన్ని పైకీ కిందికీ జరిపే మిషన్ తీగల్లో ఇరుక్కుంటే అద్దంతో పోయేది మిషన్ దాకా వస్తుంది. బీమా క్లెయిము ఆలోచన ఉంటే శుభ్రం చేయకముందే ఫొటోలు తీసుకోవాలి. దొంగతనమో దౌర్జన్యమో అయితే పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదు చేయించాలి. తరువాత మందపాటి చేతి తొడుగులతో పెద్ద ముక్కలు ఏరి, సీటు పట్టాల సందులు, పిల్లల సీటు, డ్యాష్‌బోర్డు గాలి రంధ్రాల దగ్గర వ్యాక్యూమ్ పట్టాలి. గుడ్డతో తుడిస్తే ముక్కలు సీటు నేతలోకి దిగుతాయి.

తాత్కాలికంగా మందపు పాలిథిన్ షీటును తలుపు చట్రం లోపలి నుంచి బయటికి మడిచి, తలుపు మూసి బిగించాలి. రంగు మీద నేరుగా బ్రౌన్ టేప్ అంటిస్తే ఎండకు జిగురు కరిగి మరక పడుతుంది. ముందు మాస్కింగ్ టేప్ వేసి, దానిపై రెండో టేప్ వేయడం మేలు. డ్రైవరు పక్క తలుపుకు పారదర్శకమైన షీటే వాడాలి, లేకపోతే సైడ్ మిర్రర్ కనిపించదు.

సరైన అద్దం ఎంపిక

ఒకే పేరు గల కారుకు కూడా తయారీ సంవత్సరం మారితే అద్దం వంపు, రంధ్రాల స్థానం మారవచ్చు. ఎడమ–కుడి, ముందు–వెనుక, జరిగే పలకా పక్కనున్న స్థిరమైన చిన్న పలకా అన్నవి స్పష్టంగా చెప్పాలి. ఛాసిస్ నంబరు ఇచ్చి ఆర్డరు పెడితే పొరపాటుకు తావు తక్కువ. పచ్చఛాయ అద్దాలున్న కారుకు తెల్లది వేస్తే తేడా కనిపిస్తుంది.

అద్దం మూలన ఐ.ఎస్. 2553 సంఖ్యతో ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారీదారు పేరు, గాజు రకం ఉండాలి. విదేశీ ప్రమాణం ప్రకారం చేసినవాటికి వలయంలో ఇ అక్షరంతో కూడిన ముద్ర ఉంటుంది. ముద్రే లేని పలకను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు. కంపెనీ డబ్బాలో వచ్చేదానికీ, అదే గాజు తయారీదారు తన పేరుతో బయట అమ్మేదానికీ ధరలో తేడా ఉంటుంది, నాణ్యతలో పెద్ద తేడా ఉండనవసరం లేదు. పాత కారు నుంచి తీసిన అద్దం కూడా పనికొస్తుంది. అంచు చుట్టూ వేలుతో తడిమి గాటు లేదని చూసుకోవాలి, నిలువు గీతలుంటే వద్దనాలి.

సాధారణ మోడళ్ల అద్దాలు శ్రీకాకుళంలో దొరకకపోతే విజయనగరం నుంచి, అక్కడా లేకపోతే విశాఖ ఆటోనగర్ నుంచి తెప్పిస్తారు. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు వంద కిలోమీటర్ల దూరం. పలక చేతికొచ్చాకనే తలుపు విప్పించడం మంచిది. విప్పిన తలుపుతో కారును షెడ్డులో రోజుల తరబడి ఉంచడం ఈ తీరంలో నష్టం.

బిగింపు

ఎయిర్‌బ్యాగులున్న కారులో ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే తలుపు ముట్టుకోవాలి. లోపలి ప్యానెల్ స్క్రూలు, క్లిప్పులు తీసి, స్విచ్ తీగలు విడదీస్తే దాని వెనుక పలుచని ప్లాస్టిక్ షీటు కనిపిస్తుంది. దాన్ని చింపకుండా ఒలవాలి. తలుపు అడుగున చేరిన గాజు గింజలన్నీ తీసి, కొత్త పలకను పైనుంచి జార్చి, మిషన్ బిగింపులలో కూర్చోబెడతారు. ముందు వదులుగా బిగించి, అద్దాన్ని పైదాకా లేపి, రబ్బరు గాడిలో సరిగా కూర్చున్నాకే పూర్తిగా బిగించాలి. మొదటే బిగిస్తే అద్దం వాలుగా నడిచి, గాలి కూత వస్తుంది, వాన చుక్కలు దిగుతాయి.

ముందు అద్దానికి వాడే జిగురు ఆరడానికి గంటలు పడుతుంది. తలుపు అద్దం బోల్టుతోనో క్లిప్పుతోనో నిలుస్తుంది కాబట్టి పని కాగానే కారు నడపవచ్చు. జిగురుతో అతికించే స్థిరమైన చిన్న పలకకు, బ్రాకెట్ అంటించిన అద్దానికి మాత్రం ఆరే వ్యవధి ఇవ్వాలి. ఒక్క నొక్కుతో పైకి లేచే అద్దమైతే, చేయి ఇరుక్కుంటే ఆగే ఏర్పాటును కారు పుస్తకంలో చెప్పినట్టు మళ్లీ సెట్ చేయాలి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

తీర ప్రాంతపు ప్రత్యేక జాగ్రత్తలు

తలుపు లోపలికి వాన నీరు రావడం మామూలే. బయటి బీడింగ్ దాటి దిగిన నీరు అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటికి పోతుంది. గాజు గింజలు ఆ రంధ్రాలను మూస్తే నీరు నిలుస్తుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఆ నీటిలో చేరితే రేకు అతుకుల దగ్గర తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయట రంగు ఉబ్బి కనిపించేసరికి లోపల రేకు తినేసి ఉంటుంది. అప్పుడు అయ్యే టింకరింగ్, పెయింటింగ్ ఖర్చు అద్దం వెలను దాటిపోవచ్చు.

అందుచేత గింజలు తీశాక రంధ్రాలను సన్నని ప్లాస్టిక్ పుల్లతో తెరిచి, మంచినీటితో అడుగు కడిగి, పూర్తిగా ఆరాక తుప్పు నిరోధక మైనం పట్టించడం ఉత్తమం. తీర గ్రామాల్లో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది, దానితో కడగకూడదు. అద్దం జరిగే రబ్బరు గాడిలో ఇసుక ఉంటే కొత్త పలక మీద కొద్ది రోజుల్లోనే నిలువు గీతలు పడతాయి. గాడిని తుడిచి సిలికాన్ స్ప్రే వాడాలి. ఇంజిన్ ఆయిల్ రబ్బరును ఉబ్బిస్తుంది, ఇసుకను పట్టి ఉంచుతుంది.

ప్లాస్టిక్ షీటును తిరిగి అతికించడం షెడ్లలో తరచుగా వదిలేసే పని. అది లేకపోతే నీరు ప్యానెల్ అట్టలోకి, అక్కడి నుంచి కాలికింది పట్టాలోకి చేరుతుంది, కారులో ముక్కవాసన వస్తుంది. కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగుకు సంకేతమిచ్చే సెన్సరు తలుపు లోపలి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. ఆ కార్లలో చిరిగిన షీటు ప్రయాణికుల భద్రతకే లోటు.

నియమాలు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం ప్రకారం వాహన అద్దాలు సేఫ్టీ గాజువే కావాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం, ముందు వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు ప్రసరించాలి. అవిషేక్ గోయెంకా కేసులో 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, ఎంత వెలుతురు పోనిచ్చేదైనా నల్ల ఫిల్ము అంటించరాదని తీర్పు చెప్పింది. ఆ నియమానికి తరువాత చేసిన సవరణ ఆధారంగా, ప్రమాణాలకు లోబడిన ఫిల్ముకు అనుమతి ఉందని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు అభిప్రాయపడింది. తనిఖీలో వాదనకు దిగడం కన్నా కొత్త అద్దం మీద ఏ ఫిల్మూ లేకుండా ఉండడమే సురక్షితం.

బీమా

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అద్దానికి పరిహారం రాదు. సమగ్ర పాలసీలో తుపాను, వరద, అల్లర్లు, దురుద్దేశపూర్వక చర్య వల్ల కలిగిన నష్టం చేరుతుంది. గాజు భాగాలకు తరుగుదల కోత లేదు. 1500 సి.సి. లోపు కారుకు 1,000 రూపాయలు, ఆపై కారుకు 2,000 రూపాయలు తప్పనిసరిగా యజమాని భరించాలి.

అయినా ఒక్క అద్దానికి క్లెయిము ప్రతిసారీ లాభం కాదు. ఉదాహరణకు బిల్లు 3,500 రూపాయలు, రాయితీకి ముందు సొంత నష్టపు ప్రీమియం 8,000 రూపాయలు అనుకుందాం. చిన్న కారుకు క్లెయిము వల్ల వచ్చేది 2,500. ప్రస్తుతం 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్లకు ఇచ్చే రాయితీ) ఉన్నవారికి వచ్చే ఏడాది 45 శాతం రావలసి ఉంటుంది. అది పోతే నష్టం 3,600. బోనస్‌కు రక్షణ కల్పించే అదనపు కవరు ఉన్నవారికి, తుపానులో అద్దంతో పాటు టాప్, బానెట్ కూడా దెబ్బతిన్నవారికి క్లెయిము మేలు.

మొత్తం మీద ఈ పనిలో మంచి చెడ్డలు తేలేది తలుపు లోపల కంటికి కనిపించని భాగాల దగ్గరే. షెడ్డు నుంచి కారు తీసుకునే ముందు యజమాని మూడు సంగతులు స్వయంగా చూసుకోవాలి: అద్దం మూలన ఐ.ఎస్. 2553 ముద్ర ఉందా, ప్లాస్టిక్ షీటు తిరిగి అతికించారా, తలుపు పైభాగాన చెంబుడు మంచినీళ్లు పోస్తే అడుగు రంధ్రాల నుంచి బయటికి వస్తున్నాయా. మూడూ సరిగా ఉన్నాకే డబ్బు చెల్లించాలి.