గోస్తనీ ముఖంలో ఒక రేవు: భీమునిపట్నం చరిత్ర

విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే చోట వెలసిన భీమునిపట్నంలో, వాడుకలో చెప్పే భీమిలిలో, ఒక్క రోజు విహారానికి వచ్చేవారి దృష్టి సాధారణంగా డచ్చివారి సమాధులపైనా పాత దీపస్తంభంపైనా నిలుస్తుంది. అయితే ఈ ఊరి ఉన్నతికీ క్షీణతకూ అసలు కారణం, దాని వెనుకనున్న పల్లెల సరుకు ఏ దారిన సముద్రం చేరిందన్నదే.

ఊరిని ఆనుకొని ఉన్న పావురాళ్ళకొండపై బౌద్ధ విహారాల శిథిలాలు, వాననీటిని నిల్వచేయడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నందువల్ల, ఐరోపావారి రాకకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ తీరం జనసంచారం గలదని తెలుస్తున్నది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పింది. ఆనాడు ‘ఫ్యాక్టరీ’ అని పిలిచిన ఇటువంటి స్థానం సరుకు తయారుచేసే కర్మాగారం కాదు. కంపెనీ ఉద్యోగులు నివసిస్తూ, సరుకు కొని గిడ్డంగులలో నిల్వచేసి, ఓడలకెక్కించే కేంద్రం. కోరమండల్ తీరపు నూలు వస్త్రాలకు ఆగ్నేయాసియా ద్వీపాలలో గిరాకీ ఉండేది గనుక, వాటిని అక్కడ అమ్మి సుగంధద్రవ్యాలు కొనడం ఆ కంపెనీ వ్యాపారానికి ఆధారమైంది. 1824లో కుదిరిన ఆంగ్ల-డచ్చి ఒప్పందం ప్రకారం భారతదేశంలోని డచ్చి స్థావరాలు బ్రిటిషువారి వశమైనపుడు, 1825లో భీమునిపట్నం కూడా చేతులు మారింది.

పాలకులు మారినా రేవు పని ఆగలేదు. ఇక్కడ ఓడలు ఒడ్డును తాకగల లోతు లేదు. అవి తీరానికి దూరంగా లంగరు వేసి నిలిస్తే, సరుకును పడవలలో చేరవేసేవారు. కోరమండల్ తీరమంతటా ఈ పనికి వాడిన మసూలా పడవలను మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి కట్టేవారు. అందువల్ల అలల తాకిడికి అవి వంగేవే గాని పగిలేవి కావు. 19వ శతాబ్దంలో నూనెగింజలతో పాటు గోగునార ముఖ్యమైన ఎగుమతి అయింది. ఆకును గోంగూరగా వంటకు వాడే ఈ మొక్క నార గోనెసంచుల నేతకు పనికివచ్చేది. అసలు జనుము కాకపోయినా, ఎగుమతైన రేవు పేరుతో అది ప్రపంచ విపణిలో ‘బిమ్లీ జనుము’గా చలామణి అయింది. సమీపాన గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో గోనెసంచుల మిల్లు వెలసింది. వర్తకంతో పెరిగిన ఈ పట్టణంలో 1860లలోనే పురపాలక సంఘం ఏర్పడింది.

1893-96 మధ్య నిర్మించిన తూర్పు తీర రైలుమార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా విశాఖ వైపు సాగడంతో, లోతట్టు సరుకుకు కొత్త దారి దొరికింది. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం మార్గం మధ్యభారతపు ఖనిజాలను ఈ తీరానికి దగ్గర చేయగా, 1933లో ప్రారంభమైన విశాఖ నౌకాశ్రయంలో ఓడలు నేరుగా రేవుగోడను ఆనుకొని నిలవగలిగాయి. రెండుసార్లు ఎత్తిదించవలసిన సరుకుకు పడే ఖర్చు, కాలయాపన తట్టుకొని భీమిలి పోటీలో నిలవలేకపోయింది.

రేవు విస్తరించి ఉంటే గిడ్డంగులు, రైలుపట్టాలు ఆక్రమించి ఉండగల నేలలో సమాధులు, పాత బంగళాలు మిగలడానికి ఆ వర్తకక్షీణత కూడా తోడ్పడింది. అయితే 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైన భీమిలి ఇప్పుడు బీచి రోడ్డు వెంట విస్తరిస్తున్న నగరంలో భాగం. సరుకు విశాఖకు తరలిపోయినందువల్ల దక్కిన ఆ రక్షణ నగరమే ఊరిని చేరిన నేడు చాలదు గనుక, ఈ అవశేషాలను నిలుపుకోవడం ఇకపై తెలిసి చేయవలసిన పని.