మగ్గంలో ఎంత, అట్టలో ఎంత?

నిజాం రాజ్యపు తెలంగాణా పల్లెలనుండి వచ్చి షోలాపూరులో స్థిరపడిన మన నేత కుటుంబాలకు జాకార్డు అంటే ఏమిటో చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పడమే. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణంలో జోసెఫ్ మారీ జాకార్డు సిద్ధపరచిన ఆ యంత్రం మగ్గం నెత్తిన కూర్చుంటుంది. పేక పోటు ఒక్కింటికి ఒక్క అట్ట. అట్టకు రంధ్రమున్న చోట కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది. చాదరు మీది నెమలిని తీసి తామరపువ్వు పెట్టదలచినవాడు మగ్గాన్ని విప్పడు. అట్టల దండ మార్చుకుంటాడు. సన్నని అంచుకు డాబీ చాలు, దానికోసం జాకార్డు ఎక్కించేవాడెవడు?

మన పిల్లలు ఇప్పుడు పూణే, హైదరాబాదులలో చేసే కంప్యూటరు పనిలోనూ ఇటువంటి తగవు ఒకటి నడిచింది. వెబ్ పుటలు తయారుచేసేవారికి ముందే బిగించి ఇచ్చే మగ్గం వంటిదానిని ఫ్రేమ్‌వర్కు అంటారు. అందులో అజాక్స్ ట్యాగులు ఎంతవరకు ఉండాలన్నదే ఆ తగవు.

అజాక్స్ అనగా పుట మొత్తాన్ని మళ్ళీ తెప్పించకుండా కావలసిన ముక్కను మాత్రమే చాటుగా తెప్పించే పద్ధతి. 1999లో మైక్రోసాఫ్టువారి ఎక్స్‌ప్లోరర్ 5తోనే ఈ సౌకర్యం వచ్చినా, 2004లో జీమెయిల్, మరుసటి యేడు గూగుల్ మ్యాప్స్ వచ్చినాకనే లోకం కళ్ళు తెరిచింది. దానికి ఆ పేరు పెట్టినవాడు జెస్సీ జేమ్స్ గారెట్, 2005 ఫిబ్రవరిలో. ఇక అందరికీ అదే కావాలి! కాని దానికి జావాస్క్రిప్టు రావాలి. ఒక్కొక్క బ్రౌజరుది ఒక్కొక్క తీరు. అందుచేత ఫ్రేమ్‌వర్కు నిర్మాతలు, ‘మీరు ఒక్క ట్యాగు వ్రాయండి, తక్కిన స్క్రిప్టంతా మేము పుట్టిస్తాము’ అన్నారు.

2007లో విడుదలైన స్ట్రట్స్ 2.0 ఆ మాటే నిలబెట్టుకున్నది. తేదీ ఎంచుకునే పెట్టె, చెట్టు కొమ్మల జాబితా, అక్షరం కొట్టగానే మాట పూర్తిచేసే గడి, అన్నీ ట్యాగులే. వాటి అడుగున ఉన్నది డోజో 0.4 అనే గ్రంథాలయం. ఆ ఏడాదే డోజోవారు తమ గ్రంథాలయాన్ని ఆమూలాగ్రం తిరగవ్రాసి 1.0 తెచ్చినారు. ట్యాగులు పాతదానినే పట్టుకు వ్రేలాడినాయి. 2.1లో వాటిని విడదీసి ప్లగిన్‌గా పెట్టి, ఇకమీదట వాడవద్దన్నారు. 2016లో వచ్చిన 2.5లో అదీ లేదు. నమ్మి వందల పుటలు వ్రాసుకున్నవాడు ఆ పుటలన్నీ తిరిగి నేయవలసిందే. వాని కూలి ఎవరిస్తారు?

ట్యాగులు సోమరుల కోసమన్న మాటతో నేను ఏకీభవించను. స్క్రిప్టు రాని వానికి అవి అన్నం పెట్టినాయి. తప్పు సాయపడడంలో లేదు, బొమ్మను మగ్గం కర్రలోనే చెక్కడంలో ఉన్నది.

రైల్స్ కథ చూడండి. 2005లో వారు ప్రోటోటైప్ అనే గ్రంథాలయాన్ని కలిపే ఇచ్చినారు. లంకె వ్రాస్తే స్క్రిప్టు పుటలోనే పుట్టేది. 2010లో రైల్స్ 3 ఆ పద్ధతి మానివేసింది. ఈ లంకె చాటుగా తెప్పించవలసినదని చెప్పే ‘డేటా రిమోట్’ అనే గుర్తు మాత్రం పుటలో ఉంచింది. అట్టకు రంధ్రం పొడిచినట్లన్నమాట. దానిని చదివే యంత్రం ఏదన్నది మీ ఇష్టం. 2011లో 3.1తో జేక్వెరీ వచ్చింది, 2017లో 5.1 నాటికి అదీ తప్పనిసరి కాకపోయింది. యంత్రాలు మారినా గుర్తు అదే.

కాబట్టి పుటలో ముక్కను మాత్రమే అడిగితే ముక్కనే పంపగల శక్తి ఫ్రేమ్‌వర్కులోనే ఉండాలి. గుర్తులూ ఉండవచ్చు. ఆపైన తళుకు బెళుకులన్నీ జాకార్డు మాదిరి నెత్తిన ఎక్కించి దించుకోదగినవిగా ఉండడం మేలని నా అభిప్రాయం. 2021 చివర వచ్చిన రైల్స్ 7 టర్బో మొదలైన కొత్త సరంజామాను తనంతట తానే అమర్చి ఇస్తుంది. అది అక్కరలేదనుకున్నవాడు పని ప్రారంభించేటప్పుడే వద్దని చెప్పే వీలు కూడా అందులో ఉన్నది.