మహమ్మారి వేళ నాయకత్వం: పుణె నుండి కోనసీమ లంకల దాకా

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచ మహమ్మారిగా పేర్కొన్నది. ఆ తరువాత విపత్కాల నాయకత్వంపై, నిర్వహణపై పరిశోధన పత్రాలు వెల్లువెత్తాయి. ఆ పత్రాలలో ఏ మాటలు పదే పదే కలిసి వస్తున్నవో లెక్కించి, పటాలుగా గీచే పద్ధతి కూడా ఒకటి ఉన్నది. నమ్మకం, స్పష్టమైన సమాచారం, సిబ్బంది మనోస్థైర్యం వంటివి అందులో చర్చకు వచ్చే అంశాలు. అయితే ఈ పాఠాలు మన దేశ చరిత్రలో ఏనాడో వ్రాయబడినవే.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. మరుసటి ఏడే అంటువ్యాధుల చట్టం వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. అధికారాలు, శిక్షలు, అధికారులకు రక్షణ, అంతే. ప్రజల పట్ల ప్రభుత్వ బాధ్యత గురించి ఒక్క మాట లేదు. పుణెలో సోదాల పేరిట సైనికులు ఇళ్ళలోకి చొరబడ్డారు. జనం రోగులను దాచిపెట్టసాగారు. 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. బలప్రయోగం వ్యాధిని ఆపకపోగా, వైద్యంపై నమ్మకాన్నే చంపింది.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో తప్పిదం దీనికి భిన్నమైనది. వైద్యులలో అనేకులు యుద్ధసేవలో ఉన్నారు. ఆ ఏడు వర్షాలు విఫలమైనవి. పల్లెలకు చేరే ఆరోగ్య యంత్రాంగమే లేదు. దేశంలో కోటీ ఇరవై లక్షల నుండి రెండు కోట్ల దాకా మరణించి ఉంటారని అంచనా. 1911-21 దశాబ్దంలో దేశ జనాభా పెరుగుటకు బదులు తగ్గింది. ఒకనాడు ప్రభుత్వం మితిమీరి చొరబడింది. మరొకనాడు కనబడనే లేదు.

అప్పుడు కోనసీమ మద్రాసు రాజధానిలో భాగం. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. తాగునీరు, మురుగు పారుదల, అంటువ్యాధుల నమోదు, ఆరోగ్యాధికారుల నియామకం స్థానిక సంస్థల విధులైనవి. ఆరోగ్యం పోలీసు వ్యవహారం కాదు, పౌరసేవ అన్న భావన అక్కడ బలపడింది.

2020 మార్చి 12న నెల్లూరులో ఆంధ్రప్రదేశ్ తొలి కోవిడ్ కేసు బయటపడింది. గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు అమలాపురం, రాజోలు ప్రాంతాలలో అధికం. విదేశాల నుండి వచ్చినవారిని గుర్తించుట కోసం ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, ఏభై ఇళ్ళకొకరుగా నియమితులైన వాలంటీర్లు ఇంటింటికీ తిరిగారు. పాయ దాటితే గాని చేరలేని లంక గ్రామాలున్న ఈ సీమలో, కొత్త అధికారి ఉత్తర్వు కంటే ఊరి ఆశా పలకరింపే త్వరగా తలుపు తీయిస్తుంది. 'ఎవరొచ్చారమ్మా, జ్వరమేమైనా ఉందా?' అన్న ఆ ప్రశ్న కూడా నాయకత్వమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో మన ఆశా కార్యకర్తలకు ఇచ్చిన పురస్కారం పేరు కూడా ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారమే. ఇంత గౌరవం పొందినా వారికి అందేది ఉద్యోగపు జీతం కాదు, గౌరవ వేతనమే. పరిశోధకులు గీచే పటాలలో వారి గొంతుకు తగినంత చోటు దక్కాలి.

పాఠకులకు ఒక మనవి. మీ ఊరి ఏఎన్‌ఎం, ఆశాల ఫోను నంబర్లు ఇంట్లో వ్రాసి ఉంచుకోండి. వారు అడిగినప్పుడు జ్వరాన్ని, ప్రయాణాన్ని దాచకండి. వారితో పరిచయం వ్యాధి రాకముందే కలగాలి. వచ్చిన తరువాత నమ్మకం పెంచుకొనే వ్యవధి ఉండదు.