ఉప్పెన తర్వాతి బందరు

బందరు చూడడానికి వచ్చే చుట్టాలు మొదట అడిగేది పాత కట్టడాల గురించే. గోల్కొండ నవాబుల కాలంలో తూర్పు తీరానికంతటికీ పెద్ద రేవు ఇది. డచ్చివాళ్ళు 1605లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చారు, పోయారు. ఇంతమంది కాపురమున్న ఊళ్ళో మేడలేవి, గోదాములేవి అని అడిగితే చూపించడానికి నా దగ్గర ఉండేవి కొన్నే: బందరుకోటలో మిగిలిన గోడలు, డచ్చివాళ్ళ సమాధులు, సెయింట్ మేరీ చర్చి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట అనే పేర్లు మాత్రం ఇంకా జనం నోళ్ళలో ఉన్నాయి.

నేను పుట్టింది కామవరపుకోట మెట్టలో. మా ఊరి పక్క జీలకర్రగూడెం కొండ మీద గుంటుపల్లి గుహలున్నాయి. గుండ్రటి గుడిసె పైకప్పుకు వాసాలు వేసినట్టే రాతిలో చెక్కిన గుహాలయం రెండు వేల ఏళ్ళుగా అలాగే ఉంది. అలాంటిచోటి నుంచి ఏలూరు మీదుగా కొల్లేరు దాటి బందరులో స్థిరపడ్డవాణ్ణి కనుక, ఇంత పేరున్న ఊరికి ఇంత తక్కువ రాయి ఎందుకు మిగిలిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబులో సగం 1864 నవంబరు 1 రాత్రిలో ఉంది.

ఆ రాత్రి తుపాను తీరం దాటుతుండగా సముద్రం ఊరి మీదికి వచ్చింది. మామూలు పోటుకంటే 13 అడుగులు ఎత్తున నీరు లేచిందని జిల్లా చరిత్రలు రాశాయి. తీరం పొడవునా 80 మైళ్ళ మేర భూమి మునిగింది. కొన్నిచోట్ల ఉప్పునీరు 17 మైళ్ళు లోపలికి వెళ్ళింది. పోయిన ప్రాణాలు 30,000 అని లెక్క వేశారు. 1901 జనాభా లెక్కల్లో బందరు పట్టణంలో ఉన్నది 39,507 మంది. దాదాపు ఒక పట్టణమంతటి జనం ఒక్క రాత్రిలో పోయారన్నమాట.

అంతమంది పోవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. ఇక్కడ నేల బల్లపరుపు. కోట సముద్రానికి దగ్గరగా, చుట్టూ బాడవ నేలతో ఉండేది. ఊరు దానికి వాయవ్యంగా మైలున్నర దూరంలో, మధ్యలో గట్టు మీద బాట. నీరు వస్తే ఎక్కడానికి దిబ్బ లేదు, కొండ లేదు. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ దూరంలోనే లంగరు వేసుకునేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. అలాంటి పలచటి నీటి మీద తుపాను గాలి తోసిన పోటు పొంగుకు కిందికి పోయే చోటు లేదు. అది పైకే లేస్తుంది. రేవుగా బందరుకున్న లోపమే ఉప్పెన రోజున దాని ప్రాణం తీసింది.

నీరు తీశాక మిగిలింది ఉప్పు. చెరువులు, బావులు, పొలాలు ఉప్పెక్కితే బతికినవాడికి తాగే నీరు మొదటి దిగులు. తర్వాత పంట.

దొరలు ఏం చేశారు? 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ నుంచి రాత్రి దాడి చేసి గెలుచుకున్న కోట ఇది. ఉత్తర సర్కారుల మీద ఇంగ్లీషువాళ్ళకు పట్టు దొరికింది ఇక్కడే. ఉప్పెన మరుసటి సంవత్సరం, 1865లో, వాళ్ళు ఆ కోటనుంచి సైన్యాన్ని తీసేశారు. నిజానికి రేవు అంతకు ముందే దిగజారుతోంది. ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి బందరు అద్దకాన్ని దెబ్బకొట్టింది. ఓడలు వేరే రేవులకు మళ్ళుతున్నాయి. లాభం తగ్గిన చోట డబ్బు పెట్టి కోట నిలబెట్టాల్సిన అవసరం వాళ్ళకు కనిపించలేదు.

ఇక్కడ నాకు సిసిలీ దీవిలోని నోటో గుర్తుకొస్తుంది. 1693 జనవరి 11న వచ్చిన భూకంపంలో ఆ ప్రాంతంలో 60,000 మంది దాకా చనిపోయారు. కొండ మీది పాత నోటోను వదిలేసి, కొన్ని కిలోమీటర్ల దూరంలో కొత్త ఊరు కట్టారు. స్పెయిను రాజు ప్రతినిధి పంపిన ప్రభువు ఒకాయన పనికి పెద్ద. రోజారియో గల్యార్డి లాంటి స్థపతులు పసుపు సున్నపురాతితో బరోక్ శైలి మేడలు, గుళ్ళు లేపారు. 2002లో యునెస్కో ఆ చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ప్రభువులున్నారు, మఠాలున్నాయి, మంచి రాయి ఉంది, కట్టాలన్న పట్టుదల ఉంది.

బందరుకు రాజు లేడు, రాయి లేదు. పాలించేవాడు సైన్యాన్ని తీసుకుపోయాడు. అయినా ఊరు లేచింది. అందుకే బందరు పునర్నిర్మాణం వెతకాలంటే మేడలవైపు చూడకూడదని నా అభిప్రాయం. బడులు, పత్రికలు, బ్యాంకులవైపు చూడాలి.

బడితో మొదలుపెడతాను. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో ఇక్కడ పాఠశాల పెట్టాడు. ఉప్పెన వచ్చిన మరుసటేడు, 1865 అక్టోబరులో ఆయన ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. బడి మూతపడలేదు. నోబుల్ కాలేజీగా ఎదిగి కృష్ణా, గోదావరి మండలాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పింది. ఆ చదువు నుంచి వచ్చినవాళ్ళు దొరల కొలువులకే పరిమితం కాలేదు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నుంచి 1945 దాకా ముట్నూరి కృష్ణారావు గారు దాన్ని నడిపారు. బందరులో అచ్చయిన సంపాదకీయం కోసం తెలుగునాట ఊరూరా ఎదురు చూసిన కాలం అది.

1907లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడికి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఊపులో కోపల్లె హనుమంతరావు గారు తోటివారితో కలిసి నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో మొదలైంది. పుస్తకాల చదువుతోపాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పిన చోటు. బెంగాలు నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ బొమ్మలు వేయడం నేర్పితే, అడివి బాపిరాజు తర్వాత ప్రిన్సిపాలుగా పనిచేశారు. జాతీయ జెండాకు రూపం దిద్దిన పింగళి వెంకయ్య గారు కూడా ఇక్కడ పాఠం చెప్పినవారే. నోటోవాళ్ళు రాతిలో చూపించిన సౌందర్యాన్ని బందరు ఈ కళాశాలలో చూపించిందని నేను గట్టిగా నమ్ముతాను.

బ్యాంకు సంగతి మరీ ఆశ్చర్యం. ఓడల వర్తకం చచ్చిపోయిన ఊళ్ళో, వైద్యుడైన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు తెరిచారు. ఆ తర్వాత రెండేళ్ళలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. ఉప్పెనలో ఉన్నదంతా పోయినవాళ్ళ మనవలు బీమా కంపెనీ పెట్టడంలో నాకు గొప్ప అర్థం కనిపిస్తుంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు ఊళ్ళో చాలామందికి ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టయింది.

అద్దకం మాత్రం మేడలకంటే, బ్యాంకుకంటే గట్టిది. చెక్క అచ్చులతో, కరక్కాయ, మంజిష్ఠ రంగులతో బట్ట మీద పువ్వులు వేసే పని పక్కనే ఉన్న పెడనలో ఇప్పటికీ జరుగుతోంది. అచ్చు కొట్టడం, ఉడకబెట్టడం, పారే నీటిలో జాడించడం చూడాలంటే అక్కడికి వెళ్ళండి. డచ్చివాళ్ళు ఓడలకెత్తింది ఈ బట్టనే.

సముద్రం మళ్ళీ వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి. పది వేలమంది పోయారు. 113 ఏళ్ళ నాటి పాఠం అప్పటికి ఎవరికీ గుర్తు లేదనడం అన్యాయమేమో కానీ, గుర్తున్నా చెప్పే యంత్రాంగం లేదు. ఆ తర్వాతే తీరం వెంబడి తుపాను ఆశ్రయాలు, ముందస్తు హెచ్చరికలు, ఊళ్ళు ఖాళీ చేయించే పద్ధతి గట్టిపడ్డాయి. ఇప్పుడు మంగినపూడివైపు కొత్త పోర్టు పని సాగుతోంది. అది పూర్తయితే వేలమంది మళ్ళీ సముద్రం అంచుకు కాపురం వస్తారు. వాళ్ళలో చాలామంది 1864 మాట విని ఉండరు.

నోటో పెద్ద చర్చి గుమ్మటం 1996లో కూలితే పదకొండేళ్ళు శ్రమపడి 2007లో మళ్ళీ తెరిచారు. మనకు అంత ఖర్చు అక్కర్లేదు. ప్రతి పేటలో ఒక రాయి పాతి, 1864లో నీరు ఎంత ఎత్తున నిలిచిందో దాని మీద గీత గీయించాలి. మిగిలిన కోట గోడల మీద మొలిచే రావిమొక్కలను ఏటా పీకించాలి. నవంబరు 1న బడిపిల్లలను అక్కడికి తీసుకెళ్ళి ఆ రాత్రి కథ చెప్పాలి. ఇళ్ళల్లో పాత దస్తావేజులు, ఉత్తరాలు, తాతముత్తాతలు చెప్పిన ఉప్పెన మాటలు ఉన్నవాళ్ళు వాటిని రాసి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. పోర్టు కట్టేవాళ్ళు ముందు ఆ గీత ఎత్తు చూసి పునాది వేయాలి.